నీళ్లు ఎప్పుడు ఆపాలి? కడ్డీ బలంపై ఒక ప్రాజెక్టు డైరీ

ప్రశ్న

రోలింగ్ మిల్లులో చివరి స్టాండు (కడ్డీని నొక్కి సాగదీసే రోలర్ల జత) దాటి వచ్చే ఉక్కు కడ్డీ సుమారు 950 నుంచి 1050 డిగ్రీల సెల్సియస్ వేడిమీద ఉంటుంది. అప్పటికి దాని రసాయన కూర్పు ఖరారైపోయింది. వ్యాసం, మీది రిబ్బులు కూడా ఖరారే. బలం ఒక్కటే ఇంకా తేలలేదు. ఆ తర్వాత కొన్ని సెకన్లలో వేడి ఎంత వేగంగా, ఏ దారిన బయటికి పోతుందన్నదాన్ని బట్టి అదే కడ్డీ 350 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలమానం) దగ్గరే లొంగిపోవచ్చు, 550 దాకా నిలబడనూ వచ్చు.

కాంక్రీటులో వేసే కడ్డీల గురించి మాట్లాడేటప్పుడు అందరూ కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత అనే అడుగుతారు. చల్లార్చే తీరు గురించి అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రాజెక్టులో కూర్పును కదలకుండా పట్టుకుని, చల్లార్చే తీరును మాత్రమే మారుస్తూ పోవాలని నిర్ణయించుకున్నాను. ఒకే హీటు, అంటే ఒకే విడత కరిగింపు నుంచి వచ్చిన ఉక్కు, ఒకే వ్యాసం, ఒకే ప్రారంభ ఉష్ణోగ్రత. బలంలో తేడా వస్తే దానికి కారణం చల్లార్పు తప్ప మరొకటి కాకూడదు.

ఉక్కు, నమూనాలు

ముందుగా తీసుకున్నవి 16 మి.మీ. కడ్డీలు, తర్వాతి వంతు 25, 32 మి.మీ.లది. కార్బన్ 0.20 శాతం, మాంగనీసు 0.72 శాతం, సిలికాన్ కొద్దిగా, గంధకం, భాస్వరం మామూలు హద్దుల్లోనే. వెల్డింగు చేసేవాళ్లు చూసే కార్బన్ ఈక్వివలెంట్‌ను (మిగతా మూలకాల ప్రభావాన్ని కూడా కార్బన్‌గా మార్చి కలిపే అంకెను) ఈ ఉక్కుకు సులభంగానే లెక్కకట్టవచ్చు. క్రోమియం, వెనేడియం, నికెల్ వంటివి చెప్పుకోదగ్గంత లేవు కాబట్టి కార్బన్‌కు మాంగనీసులో ఆరోవంతు కలిపితే చాలు: 0.20, 0.12 కలిసి 0.32. హాయిగా వెల్డింగు చేసుకోగల అంకె ఇది.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో ఇక్కడే చెప్పాలి. కడ్డీ బలం పెంచడానికి అన్నిటికంటే సులభమైన దారి కార్బన్ పెంచడం. కానీ కార్బన్ పెరిగేకొద్దీ వెల్డింగు కష్టమవుతుంది, సాగే గుణం తగ్గుతుంది, వంచేటప్పుడు పగిలే ప్రమాదం పెరుగుతుంది. మరో పాత దారి చల్లారిన కడ్డీని మెలితిప్పడం. మెలితిప్పితే బలం వస్తుంది గాని సాగే గుణంలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. వెనేడియం, నియోబియం వంటి లోహాలను చిటికెడు కలిపితే పని జరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. 1970ల తొలినాళ్లలో బెల్జియంలోని లోహశాస్త్ర పరిశోధన కేంద్రం సీఆర్ఎం మరో దారి చూపించింది. అదే టెంప్‌కోర్ పద్ధతి. రోలింగు వేడి ఇంకా ఒంట్లో ఉండగానే కడ్డీ మీద కొద్దిసేపు నీళ్లు కొట్టి ఆపేయడం. ఈ రోజు టీఎంటీ అని పిలుచుకునే కడ్డీలన్నిటి వెనుకా ఉన్న ఆలోచన ఇదే. కార్బన్ తక్కువగానే ఉంటుంది, బలం మాత్రం వస్తుంది.

నమూనాలను ప్రయోగశాల కొలిమిలో 950 డిగ్రీలకు వేడి చేస్తున్నాను. కొలిమిలోకి ఆర్గాన్ పారుతూ ఉంటుంది. లేకపోతే పైన పొలుసు మందంగా కడుతుంది, చర్మంలోని కార్బన్ కూడా కాలిపోతుంది. నాకు కావలసిన సమాచారమంతా ఆ చర్మంలోనే ఉంది, దాన్ని పాడుచేసుకుని లాభం లేదు. ప్రతి వ్యాసం నుంచి ఒక నమూనాకు చివరి నుంచి నడుమ గుండా సన్నని రంధ్రం వేసి, కె రకం థర్మోకపుల్ కూర్చాను. నడిబొడ్డు ఎంత వేడిగా ఉందో అది చెబుతుంది. ఉపరితలానికి, తాకకుండానే దూరం నుంచి వేడిని కొలిచే పైరోమీటర్.

నెమ్మదైన దారులు

మొదట నీళ్లు లేని చల్లార్పులు. కొలిమిని ఆపేసి కడ్డీని లోపలే వదిలేస్తే యీల్డ్ బలం 290 మెగాపాస్కల్, గరిష్ఠ తన్యత బలం 445. బయటికి తీసి నిశ్చలమైన గాలిలో ఆరబెడితే 345, 500. పెద్ద ఫ్యాను ముందు పెడితే 365, 515.

ఇక్కడ యీల్డ్ బలం అంటే కడ్డీ శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి. కట్టడాన్ని లెక్కకట్టే ఇంజనీరు నమ్ముకునేది దీన్నే. గరిష్ఠ తన్యత బలం అంటే తెగేలోపు కడ్డీ మోయగల అత్యధిక ఒత్తిడి.

ఈ మూడింటిలోనూ లోపల ఏర్పడేవి అవే రెండు పదార్థాలు: మెత్తని ఫెర్రైటు, ఇనుపపొర, కార్బైడు పొర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పెర్లైటు. వేగం పెరిగేకొద్దీ ఫెర్రైటు రేణువులు చిన్నవవుతాయి, పెర్లైటు పొరలు పల్చబడతాయి. రేణువు చిన్నదైతే బలం పెరుగుతుంది, అందుకే 290 నుంచి 365 దాకా వచ్చాం. అంతకు మించి గాలితో సాధించేది పెద్దగా ఉండదు. 16 మి.మీ. కడ్డీ గాలిలో 900 డిగ్రీల దగ్గర సెకనుకు నాలుగైదు డిగ్రీలు, 700 దగ్గరికి వచ్చేసరికి అందులో సగం వేగంతో చల్లారుతుంది. ఈ ఉక్కుకు అది చాలా తీరిక.

గాలి చల్లార్పులో నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. నడిబొడ్డు ఉష్ణోగ్రతను గ్రాఫుగా గీస్తే అది సాఫీగా దిగదు. 700 దాటి కొంత కిందికి దిగాక వంక తిరుగుతుంది, కొన్ని సెకన్లపాటు గీత దాదాపు అడ్డంగా నడుస్తుంది, ఆ తర్వాతే మళ్లీ దిగుతుంది. ఆస్టెనైటు (ఎర్రని వేడిలో ఉక్కు ఉండే రూపం) పెర్లైటుగా మారుతూ తనలో దాచుకున్న వేడిని విడుదల చేయడం వల్ల జరిగేది ఇది. లైట్లు ఆర్పి చూస్తే కనిపిస్తుంది కూడా: మసకబారుతున్న కడ్డీ ఒక దశలో ఆగి, ఎరుపును కాసేపు పట్టుకుని ఉంటుంది. లోపల పరమాణువులు సర్దుకుంటున్నాయని కంటికి తెలిసే ఏకైక ఘడియ అది. ప్రతి నమూనాకూ లైట్లు ఆర్పే చూస్తున్నాను.

నీటి రింగు

మిల్లులో కడ్డీ సెకనుకు పది మీటర్లకు అటూ ఇటూ వేగంతో నీటి పెట్టె గుండా దూసుకుపోతుంది. నా దగ్గర కడ్డీ కదలదు, నీళ్లే వచ్చి పోతాయి. ఒక గొట్టంలో మరో గొట్టం, మధ్య ఖాళీలోకి పంపు నీళ్లు, లోపలి గొట్టం నిండా ఏటవాలుగా వేసిన సన్నని రంధ్రాలు. కడ్డీ నిలువుగా మధ్యలో వేలాడుతుంది. వాల్వును టైమరు నడుపుతుంది.

వాల్వు తెరుచుకున్న క్షణం, నీళ్లు కడ్డీని తాకిన క్షణం ఒకటి కావు. మొత్తం చల్లార్పు ఒక సెకను చుట్టూ ఉన్నప్పుడు ఆ జాప్యాన్ని వదిలేయడానికి వీల్లేదు. అందుకే వాల్వును రింగుకు ఆనించి బిగించాను. సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి, నీళ్లు తాకిన ఫ్రేము నుంచి విడిచిన ఫ్రేము దాకా లెక్కపెట్టి, ఆ సమయాన్నే డైరీలో రాస్తున్నాను. టైమరులో పెట్టిన అంకెను లెక్కలోకి తీసుకోవడం లేదు.

పీడనం సంగతి వెంటనే తేలింది. రెండు బార్ పీడనంతో కొడితే నీళ్లు కడ్డీని నిజంగా తాకవు. అంత వేడి ఉపరితలం మీద నీరు పడగానే ఆవిరి పొర ఏర్పడి నీటికీ ఉక్కుకూ అడ్డం నిలుస్తుంది. వీడియోలో కడ్డీ చుట్టూ వెండి తొడుగులా అది కనిపిస్తుంది. ఆ పొర ఎక్కడ చిరిగితే అక్కడ నల్లటి మచ్చ, మిగతా చోట్ల ఎరుపు. ఎనిమిది బార్‌కు పెంచితే నీటిధార ఆ పొరను నిలవనివ్వదు. ఒంటి మీద ఎక్కడా ఎరుపు మిగలకుండా ఒక్కసారిగా నల్లబడుతుంది. నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది రెండో మాట. అవి లోహాన్ని తాకుతున్నాయా లేదా అన్నదే ముందు చూడాలి.

తొట్టి నీటి ఉష్ణోగ్రత కూడా ఇదే కోవలోకి వస్తుంది. వరసగా నమూనాలు చల్లారుస్తుంటే నీళ్లు వేడెక్కాయి. 45 డిగ్రీలు దాటాక అదే సమయం, అదే పీడనం ఇచ్చినా కడ్డీ 20 నుంచి 30 డిగ్రీలు ఎక్కువ వేడితో బయటపడింది. గోరువెచ్చని నీటిలో ఆవిరి పొర ఎక్కువసేపు బతుకుతుంది. ఇప్పుడు పెద్ద తొట్టి పెట్టి, నీటిని 30 దాటనివ్వడం లేదు.

నీళ్లు ఆపాక జరిగేది

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

నీళ్లు ఆగిన క్షణంలో కడ్డీ నల్లగా ఉంటుంది, చల్లారిపోయిందనిపిస్తుంది. రెండు మూడు సెకన్లు గడిచేసరికి లోపలి నుంచి ఎరుపు మళ్లీ పైకి వస్తుంది. ముందు ఒక నీడలా, ఆ తర్వాత స్పష్టంగా. ఆ సమయంలో పైరోమీటర్ అంకె ఎగబాకి ఎక్కడో ఒకచోట నిలబడుతుంది, ఆపై నెమ్మదిగా దిగడం మొదలవుతుంది. ఆ శిఖరాన్ని డైరీలో రీబౌండ్ ఉష్ణోగ్రత అని రాసుకుంటున్నాను. నడుమ, అంచు ఒకదానితో ఒకటి సమానమయ్యే ఉష్ణోగ్రత అది.

ఈ కొద్ది సెకన్లలో మూడు పనులు జరుగుతాయి. నీళ్లు తగిలిన చర్మం సుమారు 430 డిగ్రీల కిందికి పడిపోగానే అక్కడి ఆస్టెనైటు మార్టెన్‌సైటుగా మారడం మొదలవుతుంది. 0.20 శాతం కార్బన్, 0.72 శాతం మాంగనీసుతో ప్రామాణిక సూత్రం ఇచ్చే హద్దు ఇది. కార్బన్ పరమాణువులు తప్పించుకోవడానికి సమయం లేక ఇరుక్కుపోతాయి. గట్టిగా, పెళుసుగా ఉండే పొర తయారవుతుంది. నీళ్లు ఆగాక నడుమ ఉన్న వేడి బయటికి పారి ఆ గట్టి పొరను లోపలి నుంచే టెంపర్ చేస్తుంది. పెళుసుదనం పోతుంది, గట్టిదనంలో ఎక్కువ భాగం నిలుస్తుంది. ఇదంతా అవుతుండగా నడుమ ఉన్న ఆస్టెనైటు తీరిగ్గా ఫెర్రైటు, పెర్లైటుగా మారుతుంది. అంచుకూ నడుమకూ మధ్య సన్నని సందులో ఆ రెండింటికీ మధ్యరకమైన బైనైటు ఏర్పడుతుంది.

కమ్మరి ఉలికి పదును పట్టేటప్పుడు చేసేది ఇదే. మొన మాత్రం నీళ్లలో ముంచి తీస్తాడు, ఒంట్లో మిగిలిన వేడి మొనవైపు పారుతుంటే రంగు మారడం చూస్తూ సరైన రంగు రాగానే మళ్లీ ముంచుతాడు. కడ్డీ విషయంలో రంగుకు బదులు రీబౌండ్ అంకె ఉంది.

నీళ్లు అసలు ఆపకుండా పూర్తిగా చల్లార్చిన నమూనా కూడా ఒకటి ఉండాలి కదా. అంచు కాఠిన్యం వికర్స్ స్కేలు మీద 430, తన్యత బలం 1150 మెగాపాస్కల్ దాకా వెళ్లింది. సాగుదల 10 శాతానికి లోపే ఆగిపోయింది. వంపు పరీక్షలో రిబ్బు మొదట్లో చీలిక వచ్చింది. కాంక్రీటులో వేయకూడని కడ్డీ అది, అంకె ఎంత ఘనంగా ఉన్నా సరే.

వలయం

చల్లారిన కడ్డీని అడ్డంగా కోసి, ముఖాన్ని వరసగా సన్నని ఎమెరీ కాగితాల మీద అరగదీసి, నైటాల్ పూశాను. నైటాల్ అంటే ఆల్కహాలులో కొద్ది శాతం నత్రికామ్లం. గట్టిగా మూసిన సీసాలో దాన్ని నిల్వ చేయకూడదు, లోపల వాయువు చేరి సీసా పగలవచ్చు. కావలసినంతే అప్పటికప్పుడు కలుపుకుంటున్నాను.

పూసిన కొన్ని సెకన్లలోనే అద్దంలా ఉన్న ముఖం మీద అంచు వెంట బూడిదరంగు వలయం తేలింది. లోపలి వృత్తం లేతగా ఉంది. రెండింటి మధ్య హద్దు గీత గీసినట్టు ఉండదు, ఒక వెంట్రుకంత వెడల్పున రంగు కరిగిపోతూ ఉంటుంది. రిబ్బు ఉన్న చోట వలయం లోపలికి కాస్త ఉబ్బింది. రిబ్బు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి దాని వేడి మూడు వైపుల నుంచి పోతుంది, చల్లార్పు అక్కడ ఇంకాస్త లోతుకు దిగింది.

620 డిగ్రీల రీబౌండ్ ఉన్న నమూనాలో వలయం సగటు మందం 1.1 మి.మీ. అంచు నుంచి నడుమకు వికర్స్ ముద్రలు (కాఠిన్యం కొలవడానికి వజ్రపు మొనతో నొక్కే గుర్తులు) వేసుకుంటూ పోతే మొదట 265, హద్దు దగ్గర 210, నడుమ 170. కంటికి కనిపించిన రంగూ సూది చెప్పిన కాఠిన్యమూ ఒకే కథ చెప్పాయి.

అర్ధచంద్రం

కొన్ని నమూనాల్లో వలయం గుండ్రంగా లేదు. ఒకవైపు మందంగా, ఎదురువైపు దాదాపు కనిపించనంత పల్చగా, అర్ధచంద్రంలా ఉంది. ఆ కడ్డీలన్నీ చల్లారాక కొద్దిగా వంగాయి కూడా. కారణం రింగు రంధ్రాల్లో ఇరుక్కున్న పొలుసు. కడ్డీ నుంచి రాలిన పొలుసు తొట్టిలోకి, అక్కడి నుంచి పంపులోకి, పంపు నుంచి రంధ్రాల్లోకి చేరింది. పంపు ముందు జల్లెడ బిగించాక వలయం గుండ్రమైంది.

కడ్డీ కొనేవాళ్లు చేయగలిగిన మంచి పరీక్ష ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. కడ్డీ బలం సగటున సరిపోయినా వలయం ఒరిగి ఉంటే వంచేటప్పుడు ఒకవైపు ఒకలా, మరోవైపు మరోలా ప్రవర్తిస్తుంది. తన్యత పరీక్ష యంత్రం ఈ లోపాన్ని పట్టుకోదు. అడ్డుకోత మీద కొన్ని చుక్కల ఆమ్లం పట్టుకుంటుంది.

లాగుడు పరీక్షలు

నీళ్లు తాకిన సమయం, రీబౌండ్, బలం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే:

0.9 సెకను: రీబౌండ్ 680, యీల్డ్ 440, గరిష్ఠం 570.
1.2 సెకన్లు: రీబౌండ్ 620, యీల్డ్ 502, గరిష్ఠం 610.
1.6 సెకన్లు: రీబౌండ్ 560, యీల్డ్ 565, గరిష్ఠం 665.

రీబౌండ్ 120 డిగ్రీలు తగ్గితే యీల్డ్ 125 మెగాపాస్కల్ పెరిగింది. డిగ్రీకి ఒక మెగాపాస్కల్ చొప్పున. 0.3 సెకను తేడాకు కడ్డీ స్థాయి మారిపోయింది. ఇంత సున్నితంగా ఎందుకుందంటే, నీళ్లు ఎక్కువసేపు తగిలితే వలయం మందమవుతుంది, పైగా నడుమ మిగిలే వేడి తగ్గి ఆ వలయం తక్కువగా టెంపర్ అవుతుంది. రెండు ప్రభావాలూ బలాన్ని ఒకే వైపుకు తోస్తాయి. అందుకే రీబౌండ్ అన్న ఒక్క అంకె మొత్తం సంగతిని చెప్పగలుగుతోంది. నీటి పీడనం మారినా, నీటి వేడి మారినా, వేగం మారినా చివరికి అవన్నీ ఈ అంకెలోనే తేలతాయి. మిల్లులో ఒకే ఒక పరికరం పెట్టుకునే వీలుంటే, నీటి పెట్టె తర్వాత రీబౌండ్ చూసే పైరోమీటర్‌నే పెట్టుకోవాలి.

అయితే యీల్డ్‌ను పెంచుకుంటూ పోవడమే లక్ష్యం కాకూడదు. గరిష్ఠ బలాన్ని యీల్డ్‌తో భాగిస్తే గాలిలో చల్లారిన కడ్డీకి 1.45 వచ్చింది. 680 రీబౌండ్‌కు 1.30, 620కి 1.22, 560కి 1.18. ఈ నిష్పత్తి ఎంత ఎక్కువ ఉంటే, యీల్డ్ దాటాక కడ్డీ తెగిపోకుండా అంత దూరం లాక్కొస్తుంది. భూకంపంలో కట్టడం ఊగేటప్పుడు మనుషులు బయటపడడానికి దొరికే వ్యవధి ఇందులోనే ఉంది. కాంక్రీటు కట్టడాలకు ఐరోపా నియమావళి అయిన యూరోకోడ్ 2, ఎక్కువగా సాగాల్సిన సి తరగతి కడ్డీలకు ఈ నిష్పత్తి కనీసం 1.15 ఉండాలంటుంది, 1.35కు లోపు ఉండాలనీ అంటుంది. గరిష్ఠ బరువు దగ్గర సాగుదల 7.5 శాతానికి తగ్గకూడదు. నీళ్లను ఇంకో అర సెకను కొడితే యీల్డ్ అంకె ఇంకా మెరుస్తుంది, నిష్పత్తి మాత్రం హద్దు దగ్గరికి జారుతుంది. ఎక్కువ బలమున్న కడ్డీయే మంచి కడ్డీ అనుకునేవాళ్లు ఈ రెండు వరసలనూ కలిపి చదవాలని నా కోరిక.

లేత్ మీద

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం చాలా సులువైంది. 620 రీబౌండ్ కడ్డీని లేత్ మీద పెట్టి 16 నుంచి 12 మి.మీ.కు తగ్గించడం. అంటే వలయాన్ని పూర్తిగా చెక్కేసి నడుమను మాత్రమే మిగల్చడం.

లేత్ నడిపే పెద్దాయనకు వలయం గురించి ముందుగా ఏమీ చెప్పలేదు. మొదటి కోతల్లో చెక్కు పొట్టిపొట్టిగా తెగి నీలంగా పడింది, టూలు గరగరలాడింది. లోతు కొంచెం పెంచగానే చప్పుడు మారిపోయింది. చెక్కు పొడుగ్గా, రింగులు తిరిగి ట్రేలోకి జారింది. ఆయన యంత్రం ఆపి చేత్తో తడిమి, “ఇదేమిటండీ, పైన ఒక ఉక్కు, లోపల ఇంకో ఉక్కు ఉందే” అన్నారు.

నడుమ ఒక్కదాన్నే లాగితే యీల్డ్ 395, గరిష్ఠం 545. పూర్తి కడ్డీకి వచ్చిన 502 ఏమైందని అడిగితే, అందులో పెద్ద భాగం ట్రేలో చెక్కుగా పడి ఉంది. కడ్డీని పరీక్షించేటప్పుడు పూర్తి అడ్డుకోతతోనే లాగాలని ప్రమాణాలు పట్టుబట్టేది ఇందుకే. కడ్డీలను మరతో జతచేసే కప్లర్లకూ ఇదే వర్తిస్తుంది. మామూలుగా మర కోస్తే పోయేది అంచే, అంటే గట్టి భాగమే. కడ్డీ చివరను ముందు ఉబ్బేలా కొట్టి ఆ తర్వాత మర వేసే పద్ధతి పుట్టింది ఈ నష్టాన్ని పూడ్చడానికే.

395 అన్న అంకెలోనూ ఒక సంగతి ఉంది. గాలిలో చల్లారిన అదే ఉక్కు 345 దగ్గర లొంగిపోయింది కదా. నడుమకు నీళ్లు తగలలేదు, అయినా 50 మెగాపాస్కల్ ఎక్కువ. చల్లని చర్మం లోపలి వేడిని గుంజుకోవడంతో నడుమ కూడా గాలిలో కంటే వేగంగా చల్లారింది, రేణువులు సన్నబడ్డాయి.

లెక్క

వలయం, నడుమ కలిసి బరువు మోస్తున్నాయనుకుంటే మొత్తం బలాన్ని విస్తీర్ణాల వాటాతో లెక్కకట్టవచ్చు. 16 మి.మీ. కడ్డీలో 1.1 మి.మీ. వలయం తీసేస్తే నడుమ వ్యాసం 13.8. విస్తీర్ణంలో నడుమ వాటా 74.4 శాతం, వలయం వాటా 25.6. నడుమ యీల్డ్ 395 అని కొలిచాను. వలయం కాఠిన్యం 265 నుంచి దాని యీల్డ్ సుమారు 800 అని అంచనా. రెండు వాటాలనూ గుణించి కలిపితే 499. యంత్రం చెప్పింది 502.

ఈ లెక్క ఇంత దగ్గరగా కుదిరాక, చూసేందుకు అంత సన్నగా ఉన్న 1.1 మి.మీ. పొర విస్తీర్ణంలో నాలుగోవంతు ఎలా అయిందన్నది కూడా స్పష్టమైంది. గుండ్రటి వస్తువులో విస్తీర్ణమంతా అంచు వైపే పోగుపడి ఉంటుంది. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే లెక్క తలకిందులు.

మళ్లీ వేడి చేస్తే

620 రీబౌండ్ కడ్డీ ముక్కలను మళ్లీ కొలిమిలో పెట్టాను. 500 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి చల్లారిస్తే బలంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తయారీలోనే అంతకు మించిన వేడిని ఒకసారి చూసిన వలయం అది. 700 దగ్గర ఉంచితే యీల్డ్ 400 చుట్టూ పడిపోయింది. 950కి తీసుకెళ్లి గాలికి వదిలితే మళ్లీ 345. కూర్పు ఒక్క పిసరు కూడా మారలేదు, చల్లార్పు ఇచ్చిన బలం మొత్తం చెరిగిపోయింది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి కడ్డీని వంచడం ఎందుకు కూడదో ఇంతకంటే సూటిగా చూపించే ప్రయోగం నాకు తోచలేదు. నిప్పు ప్రమాదం జరిగిన కట్టడంలో కడ్డీ ఎంత వేడిని చూసిందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు కూడా అడ్డుకోత కాఠిన్యం పనికొస్తుంది.

25 మి.మీ.

ఇప్పుడు నడుస్తున్న పని ఇది. 16 మి.మీ.కు 1.2 సెకన్లు సరిపోతే, 25 మి.మీ.కు అదే వలయం వాటా రావాలంటే ఎంతసేపు కొట్టాలి?

నీళ్లు ఉపరితలాన్ని తక్షణమే చల్లబరిచి, ఆలస్యమంతా లోహం లోపల వేడి పారడంలోనే ఉంటే సమయం వ్యాసం వర్గంతో పెరగాలి. అంటే 2.44 రెట్లు, 2.9 సెకన్లు. అలా కాక ఆలస్యం మొత్తం ఉపరితలం నుంచి నీటికి వేడి దాటడంలోనే ఉంటే సమయం వ్యాసంతో పాటే పెరగాలి. అంటే 1.56 రెట్లు, 1.9 సెకన్లు. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండాలి. ఎక్కడుందో తెలిస్తే నా రింగు ఎంత బాగా పనిచేస్తోందో కూడా తెలుస్తుంది.

620 రీబౌండ్ వచ్చింది 2.5 సెకన్ల దగ్గర. వలయం మందం సగటున 1.7 మి.మీ., వాటా నాలుగోవంతు. వ్యాసానికి 1.65 ఘాతంతో సమయం పెరుగుతోందన్నమాట. పీడనం ఇంకా పెంచితే ఈ ఘాతం 2 వైపు జరగాలి.

తర్వాతిది 32 మి.మీ. అదే ఘాతం నిలిస్తే 3.8 సెకన్లు, వలయం 2.2 మి.మీ. ఇందులో ఒక అనుమానం ఉంది. అంత లావు కడ్డీలో నడుమ చాలా నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి దాని యీల్డ్ 395 కంటే తగ్గవచ్చు, అప్పుడు వలయం వాటా ఒకటే అయినా మొత్తం 500 దాటకపోవచ్చు. అలాగైతే రీబౌండ్‌ను 600కు దించాలి. నమూనాలు కోసి, థర్మోకపుల్ రంధ్రం వేసి ఉంచాను. రింగు లోపలి గొట్టం మారిస్తే మొదలుపెట్టవచ్చు.